మీట గోడ మీదా, ఫోన్‌లోనా?

కొత్త ఇంటికి గోడలు లేచి కరెంటు పని మొదలయ్యేసరికి ఈమధ్య చాలామందికి ఒక సందేహం వస్తోంది: "స్విచ్చులు మామూలువే పెట్టించుకోవాలా, స్మార్ట్‌వి పెట్టించుకోవాలా?" పిల్లలు స్మార్ట్‌వే కావాలంటారు. పెద్దవాళ్ళేమో చెయ్యి చాపితే అందే స్విచ్చుండగా ఫోనెందుకంటారు. ఎలక్ట్రీషియన్ మాత్రం త్వరగా ఏదో ఒకటి తేల్చమంటాడు. అతని తొందరలో అర్థముంది. గాడులు కొట్టి, పైపులు పరిచి, సిమెంటు పూసేశాక ఆ పైపుల్లో ఏ తీగలుంటే అవే ఏళ్ళ తరబడి ఉండిపోతాయి.

దుకాణంలో అట్టపెట్టెల మీద రాసింది చదివితే ఈ సందేహం తీరదు. స్విచ్చు అసలేం చేస్తుంది, స్మార్ట్ బల్బులో ఏముంది, మనం చెప్పిన మాట దానిదాకా ఏ దారిన వెళ్తుంది అనేవి తెలిస్తే మాత్రం ఎవరి జవాబు వాళ్ళకే దొరుకుతుంది. నేను నమ్మేదేమిటో ముందే చెప్పేస్తాను. దీపానికి తెలివి ఉండాలా వద్దా అని అడిగేముందు ఇంకో రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ తెలివిని ఎక్కడ పెడుతున్నాం? అది పనిచేయని రోజున దీపం ఎలా వెలుగుతుంది? ఈ అధ్యాయమంతా వీటి చుట్టూనే సాగుతుంది.

గోడలోని మీట చేసే పని

మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులది. ఫేజ్ తీగ దాన్ని తెస్తుంది, న్యూట్రల్ తీగ తిరుగుదారి ఇస్తుంది. మూడోదైన ఎర్త్ ప్రమాదం వచ్చినప్పుడు కాపాడటానికి ఉంటుంది. ఫేజ్ నుంచి బల్బులోకి, బల్బు నుంచి న్యూట్రల్‌లోకి దారి పూర్తయితేనే వెలుగు. స్విచ్చు ఫేజ్ తీగ మధ్యలో కూర్చుని ఆ దారిని కలుపుతుంది, తెంపుతుంది. దాని పని అంతే.

వినడానికి సులువుగా ఉన్నా తెంపడంలో ఒక చిక్కుంది. కరెంటు పారుతున్న రెండు లోహపు ముక్కలను విడదీసినప్పుడు వాటి మధ్యనున్న సన్నటి గాలి సందులోంచి కరెంటు దూకడానికి చూస్తుంది. అప్పుడు లేచే నిప్పునే విద్యుత్ చాపం, అంటే ఆర్క్ అంటారు. దాని వేడికి లోహపు ముక్కల కొసలు కరిగి గుంటలు పడతాయి. ఎంత మెల్లగా విడదీస్తే ఆర్క్ అంతసేపు నిలుస్తుంది, నష్టం అంత పెరుగుతుంది. ఇళ్ళకు కరెంటు వచ్చిన తొలినాళ్ళలో స్విచ్చులు తొందరగా పాడవడానికి ఇదొక ముఖ్య కారణం.

1884లో ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరానికి చెందిన జాన్ హెన్రీ హోమ్స్ దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టాడు. లోహపు ముక్కలను విడదీసే పనిని మనిషి వేలికి వదలకుండా స్ప్రింగుకు అప్పగించాడు. వేలు ఎంత నిదానంగా కదిలినా, స్ప్రింగు ఒక హద్దు దాటగానే ముక్కలు ఒక్క ఉదుటున విడిపోతాయి. ఆర్క్‌కు నిలదొక్కుకునే వ్యవధి దొరకదు. ఈనాటి మన స్విచ్చులన్నిటిలో ఉన్నది ఆ సూత్రమే.

పాడైపోయిన పియానో స్విచ్చు ఒకటి దొరికితే విప్పి చూడండి. పైన నొక్కే ప్లాస్టిక్ మీట అడుగున చిన్న స్ప్రింగు, దాని కొసన మొద్దు పుల్లలాంటి ముక్క కనిపిస్తాయి. ఆ ముక్క తూగుటుయ్యాలలా అటూ ఇటూ ఊగే ఇత్తడి రేకును అదిమిపెట్టి ఉంటుంది. రేకు చివర మెరిసే చుక్క వెండి కలిసిన మిశ్రమలోహం. మీటను మెల్లగా నొక్కుతూ పోతే సగం దాకా ఏమీ జరగదు. సగం దాటగానే స్ప్రింగు బలం అవతలి వైపుకు తిరిగి రేకు టక్కున పడుతుంది. మనం రోజూ వినే చప్పుడు అదే. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఆవృత్తమయ్యే ఏకాంతర విద్యుత్తు కాబట్టి సెకనుకు 100 సార్లు సున్నాకు వచ్చి పోతుంటుంది. స్ప్రింగు విడదీసిన సందులో ఏ కాస్త ఆర్క్ లేచినా, ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది.

ఈ చిన్న యంత్రంలో మూడు గొప్ప గుణాలున్నాయి. అది ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు తినదు. దాన్ని వాడటం ఎవరికీ నేర్పనక్కర్లేదు. ఇంటికి తొలిసారి వచ్చిన చుట్టమైనా, ఐదేళ్ళ పిల్లయినా, చూపు ఆనని తాతయ్యయినా గోడ తడిమి దీపం వేసుకోగలరు. ఇక మూడోది, వేసి ఉందో ఆపి ఉందో తెలియడానికి మరో యంత్రాన్ని అడిగే పనిలేదు. దానికి పోటీగా వచ్చే ఏ పరికరాన్నయినా నేను ముందు ఈ మూడు గుణాలతోనే తూస్తాను.

బల్బు లోపలికి చేరిన మెదడు

పాత తీగ బల్బుకు స్మార్ట్ తెలివి అతికించడం కష్టంగా ఉండేది. అది లోపలి టంగ్‌స్టన్ తీగను ఎర్రగా కాల్చి వెలుగునిచ్చేది. తిన్న కరెంటులో చాలా భాగం వేడిగానే పోయేది. ఎల్‌ఈడీ వచ్చాకే పరిస్థితి మారింది.

ఎల్‌ఈడీ అంటే కరెంటు పారినప్పుడు వెలుగును వెదజల్లే అర్ధవాహకపు ముక్క. ఎరుపు, ఆకుపచ్చ రంగులు ముందే వచ్చాయి. ఇల్లు వెలిగించడానికి కావలసిన తెల్లని వెలుగు మాత్రం నీలి ఎల్‌ఈడీ వచ్చేదాకా ఆగవలసివచ్చింది. నీలి వెలుగు మీద పసుపు మెరుపునిచ్చే పూత పూస్తే రెండూ కలిసి తెలుపుగా కనిపిస్తాయి. నీలి ఎల్‌ఈడీని సాధించిన జపాన్ శాస్త్రజ్ఞులు ఇసాము అకసాకి, హిరోషి అమానో, జపాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన షూజి నకమురా 2014లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్నారు. మరుసటి ఏడాది, 2015 జనవరి 5న మన దేశంలో ఉజాలా పథకం మొదలైంది. దాని కింద 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంచారు. 60 వాట్ల తీగ బల్బు ఉన్నచోట 9 వాట్ల ఎల్‌ఈడీ సరిపోవడం మన ఇళ్ళన్నీ కళ్ళారా చూశాయి.

ఎల్‌ఈడీ 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు మీద నేరుగా పనిచేయదు. దానికి తగిన కరెంటును తయారుచేసే సర్క్యూటు ఒకటి బల్బు మొదట్లో, తెల్లటి ప్లాస్టిక్ భాగంలో ఉంటుంది. దీన్ని డ్రైవర్ అంటారు. అంటే మామూలు ఎల్‌ఈడీ బల్బే ఒక చిన్న ఎలక్ట్రానిక్ పరికరం. దాని పక్కన రేడియో చిప్పు ఒకటి చేరిస్తే అదే స్మార్ట్ బల్బు. ఆ చిప్పు వైఫై లాంటి రేడియో సంకేతాలు అందుకుని, డ్రైవర్‌కు ఎంత వెలుగు, ఏ రంగు అన్నది చెబుతుంది. 2012 అక్టోబరులో ఫిలిప్స్ కంపెనీ హ్యూ బల్బులు విడుదల చేశాక ఈ రకం జనానికి బాగా తెలిసింది.

ఆ చిప్పు ఎప్పుడూ మెలకువగానే ఉండాలి. ఫోను నుంచి మాట ఎప్పుడొస్తుందో దానికి తెలియదు. మనం యాప్‌లో ఆపేసినప్పుడు ఆరేది వెలుగు ఒక్కటే. లోపలి రేడియో వింటూనే ఉంటుంది, కరెంటు తింటూనే ఉంటుంది. ఆ బల్బు హోల్డరులో 230 వోల్టులు అలాగే ఉంటాయి. కాబట్టి స్మార్ట్ బల్బును యాప్‌లో ఆపి, తడి గుడ్డతో తుడవడానికో మార్చడానికో పూనుకోవద్దు. గోడ స్విచ్చు ఆపాలి. ఎంసీబీ కూడా దించితే ఇంకా మంచిది.

మన మాట బల్బును చేరే దారి

మంచం మీద పడుకుని "లైటు ఆపు" అన్నారనుకోండి. గదిలోని స్పీకరు ఆ మాటను రౌటరుకు, రౌటరు ఇంటర్నెట్ ద్వారా ఎక్కడో ఉన్న కంప్యూటరుకు పంపుతుంది. ఆ కంప్యూటరు మాటను అర్థం చేసుకుని, బల్బు తయారుచేసిన కంపెనీ కంప్యూటరుకు కబురు చేస్తుంది. అక్కడి నుంచి ఆజ్ఞ తిరిగి మన రౌటరుకు, రౌటరు నుంచి బల్బుకు వస్తుంది. చాలా చౌక పరికరాల్లో ఇదే దారి. పది అడుగుల దూరంలో ఉన్న దీపం ఆర్పడానికి కబురు దేశాలు దాటి రావచ్చు. అంతా బాగుంటే ఇది క్షణంలో జరిగిపోతుంది. దారిలో ఒక్క మజిలీ తెగినా మాట అందదు.

మన దగ్గర కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద దీపాలు వెలుగుతున్నా, రౌటరును ఇన్వర్టరుకు కలపకపోతే అది ఆగిపోతుంది. కేబులు తెగినా, కంపెనీ కంప్యూటర్లలో లోపం వచ్చినా అంతే. అన్నిటికన్నా పెద్ద దెబ్బ కంపెనీయే మూతపడటం. రివాల్వ్ అనే అమెరికన్ కంపెనీ ఇంటి పరికరాలన్నిటినీ నడిపే కేంద్ర పెట్టెను 300 డాలర్లకు అమ్మేది. 2014లో నెస్ట్ అనే కంపెనీ దాన్ని కొని, 2016 మేలో ఆ సేవను ఆపేసింది. ఇళ్ళలో చక్కగా ఉన్న పెట్టెలు ఒక్క రోజులో ఎందుకూ కొరగాకుండా పోయాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే మరో అమెరికన్ కంపెనీ ముందుగా ఏమీ చెప్పకుండా తన కంప్యూటర్లను ఆపేసింది. ఫోన్ యాప్ పనిచేయడం మానేసింది. కానీ ఆ కంపెనీ గోడ స్విచ్చులు పెట్టించుకున్నవాళ్ళు చేత్తో నొక్కితే దీపాలు వెలిగాయి. ఎందుకంటే ఆ స్విచ్చుల తెలివి గోడలోనే ఉంది. ఆ కంపెనీని తర్వాత జూన్‌లో దాని వినియోగదారుల్లోనే కొందరు కొని తిరిగి నడిపించారు.

ఈ కష్టానికి మంచి మందు, మాట ఇల్లు దాటకుండా చూడటం. జిగ్బీ అనే పద్ధతిలో బల్బులు ఇంట్లోనే ఒక చిన్న కేంద్ర పెట్టెతో మాట్లాడతాయి, ఒక బల్బు అందుకున్న కబురును పక్క బల్బుకు అందిస్తుంది. 2022 అక్టోబరులో మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. దీని ప్రకారం తయారైన పరికరాలు ఏ కంపెనీవైనా ఇంటి లోపలే ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు. ఇంటర్నెట్ లేకున్నా ఫోను, రౌటరు, దీపం మధ్య పని జరిగిపోతుంది. కొనేటప్పుడు పెట్టె మీద మ్యాటర్ గుర్తు ఉందో లేదో చూడటం తెలివైన పని.

భద్రత సంగతి కూడా మరవకూడదు. రేడియో ఉన్న ప్రతి పరికరానికీ బయటివాళ్ళు తట్టగల తలుపు ఒకటి ఉంటుంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ, కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ఒక డ్రోన్‌ను భవనం బయట ఎగరేసి, లోపలి హ్యూ బల్బులను తమ అదుపులోకి తెచ్చుకుని చూపించారు. వాళ్ళు ముందే హెచ్చరించడంతో కంపెనీ ఆ లోపాన్ని సరిదిద్దింది. ఇందులోంచి మనం నేర్చుకోవలసింది, ఏళ్ళ తరబడి మరమ్మతు కబుర్లు పంపగల కంపెనీ పరికరాలే కొనాలని. ఊరూ పేరూ లేని బల్బు చౌకగా దొరికినా, దానిలోని లోపాన్ని సరిదిద్దే నాథుడు ఉండడు.

తూము ఒకరిది, మడవ ఒకరిది

ఇప్పుడు అసలు తగువు దగ్గరికి వద్దాం. స్మార్ట్ బల్బు పెట్టాక గోడ మీది పాత స్విచ్చు ఎక్కడికీ పోదు. ఆ రెండిటి సంబంధం చెరువు కింద సేద్యం చేసినవాళ్ళకు తేలిగ్గా అర్థమవుతుంది. చెరువు దగ్గర తూము ఉంటుంది, పొలం దగ్గర మడవ ఉంటుంది. తూము తెరిచి ఉంటేనే కాలువలో నీళ్ళు పారతాయి. మడవ తిప్పడం వల్ల నీళ్ళు మన పొలంలోకి మళ్ళుతాయి. పై నుంచి ఎవరో తూము మూసేస్తే, పొలంలో నిలబడి మడవను ఎన్నిసార్లు తెరిచినా చుక్క రాదు. గోడ స్విచ్చు తూము, బల్బులోని చిప్పు మడవ.

అత్తగారు వంట ముగించుకుని అలవాటు కొద్దీ గోడ స్విచ్చు ఆపుతారు. తూము మూసుకుంది. రాత్రి కోడలు ఫోనులో ఎంత నొక్కినా బల్బు పలకదు, యాప్‌లో "ఆఫ్‌లైన్" అని చూపిస్తుంది. జిగ్బీ బల్బయితే అది అందించవలసిన కబుర్లు కూడా ఆగి, దాని అవతల ఉన్న వరండా బల్బు సైతం చేజారవచ్చు. దీన్ని తప్పించడానికి కొందరు స్విచ్చు మీద టేపు అంటిస్తారు. "దీన్ని ముట్టుకోవద్దు" అని చీటీ పెడతారు. ఇంట్లో అందరికీ అలవాటైన ఒక పనిని ఒకరి సౌకర్యం కోసం నిషేధించడం అన్నమాట. అలా నిషేధించిన ఇంట్లో కరెంటు సమస్య తీరదు, మనుషుల మధ్య సమస్య మొదలవుతుంది.

మన ప్రాంతానికి సంబంధించిన ఇంకో ఇబ్బంది ఉంది. చాలా స్మార్ట్ బల్బులు కరెంటు పోయి వస్తే వెలిగే స్థితిలోనే లేస్తాయి. దానికో కారణముంది. యాప్ లేనివాళ్ళు గోడ స్విచ్చు ఆపి మళ్ళీ వేస్తే దీపం వెలగాలి కదా. గోడ స్విచ్చు వేశారా, వీధిలో కరెంటు వచ్చిందా అన్న తేడా బల్బుకు తెలియదు, రెండూ దానికి ఒక్కటే. అందుకే వేసవి రాత్రి రెండింటికి కరెంటు పోయి వచ్చిందంటే పడగ్గదిలో దీపాలన్నీ ఒక్కసారి భళ్ళున వెలుగుతాయి. చాలా కంపెనీల యాప్‌లలో "కరెంటు వచ్చాక పాత స్థితిలోనే ఉండు" అనే ఏర్పాటు ఉంటుంది. స్మార్ట్ బల్బు పెట్టిన రోజే దాన్ని వెతికి సరిచేసుకోవడం అవసరం.

స్విచ్చు వెనక దాగే తెలివి

తగువు తీరాలంటే తూమూ మడవా ఒక్కచోటికి చేరాలి. అంటే తెలివిని బల్బులోంచి తీసి స్విచ్చు దగ్గర పెట్టాలి. ఇందుకు రెండు దారులున్నాయి. మొత్తం స్మార్ట్ స్విచ్చు బోర్డే బిగించుకోవడం ఒకటి. పాత స్విచ్చులు అలాగే ఉంచి, వాటి వెనక, బోర్డు డబ్బాలో రెండంగుళాలైనా ఉండని చిన్న పెట్టెను దాచడం రెండోది. దీన్ని రిలే మాడ్యూల్ అంటారు.

రిలే అంటే విద్యుత్తుతో కదిలే మీట. తీగచుట్టలో కొద్దిపాటి కరెంటు పారితే అది అయస్కాంతమై ఒక రేకును లాగుతుంది, దీపం దారి కలుస్తుంది. మాడ్యూల్‌లోని చిప్పు అటు ఫోను మాట వింటుంది, ఇటు గోడ మీది స్విచ్చును గమనిస్తుంది. ఎవరు చెప్పినా రిలేను కదిలిస్తుంది. ఫోనులో ఆపిన దీపాన్ని గోడ దగ్గర వేసుకోవచ్చు, గోడ దగ్గర వేసినదాన్ని ఫోనులో ఆపవచ్చు. మేడమెట్లకు కింద ఒకటి పైన ఒకటి ఉండే టూ వే స్విచ్చుల పద్ధతి కూడా ఇదే కదా, ఎటునుంచి నొక్కినా దీపం స్థితి మారుతుంది. ఇంటర్నెట్ పోయినా గోడ స్విచ్చు పనిచేస్తుంది. బల్బులు మామూలువే కాబట్టి మాడిపోతే వీధి దుకాణంలో దొరికేది తెచ్చి పెట్టుకోవచ్చు.

ఇక్కడే న్యూట్రల్ తీగ ప్రసక్తి వస్తుంది. చిప్పు ఎప్పుడూ మెలకువగా ఉండాలంటే దానికి కరెంటు పూర్తి దారి కావాలి, అంటే స్విచ్చు డబ్బాలో ఫేజ్‌తో పాటు న్యూట్రల్ కూడా ఉండాలి. మన ఇళ్ళలో స్విచ్చులతో పాటు ప్లగ్గు పాయింటు ఉన్న బోర్డుల్లో న్యూట్రల్ ఉంటుంది, ప్లగ్గుకు అది తప్పదు కాబట్టి. మెట్ల దగ్గర, మంచం పక్కన విడిగా పెట్టే స్విచ్చు డబ్బాల్లో తరచూ ఉండదు. అమెరికాలో 2011 నాటి విద్యుత్ నియమావళి స్విచ్చు డబ్బాల్లో న్యూట్రల్ ఉండాలని చెప్పింది. అక్కడ స్థిరపడిన మనవాళ్ళు కొత్త ఇళ్ళలో స్మార్ట్ స్విచ్చులు తేలిగ్గా బిగించుకోగలగడానికి అదొక కారణం. అయితే అక్కడి నుంచి అమ్మానాన్నల కోసం అవే స్విచ్చులు సూట్‌కేసులో తెచ్చి ఇక్కడ బిగించకూడదు. అవి 120 వోల్టులకు తయారైనవి. మన 230 వోల్టులకు తట్టుకుంటుందని పరికరం మీద రాసి ఉంటే తప్ప కలపవద్దు.

న్యూట్రల్ అక్కర్లేని స్విచ్చులూ దొరుకుతాయి. అవి బల్బు గుండానే కొద్దిపాటి కరెంటును పారించుకుని బతుకుతాయి. తీగ బల్బుకు ఆ కాస్త కరెంటు ఒక లెక్క కాదు. ఎల్‌ఈడీ డ్రైవర్‌లో మాత్రం కరెంటును నిలవచేసే కెపాసిటర్ ఉంటుంది. ఆ చిన్న ధార దాన్ని మెల్లగా నింపుతుంది. నిండగానే బల్బు ఒక్కసారి మెరిసి, నిలవ ఖాళీ కాగానే ఆరిపోతుంది. మళ్ళీ నిండుతుంది, మళ్ళీ మెరుస్తుంది. కొందరి ఇళ్ళలో చిన్న ఎర్ర ఇండికేటర్ ఉన్న మామూలు స్విచ్చు ఆపినా బల్బు రాత్రంతా మిణుకుమంటూ ఉండటానికీ కారణమిదే. బల్బు దగ్గర అదనపు కెపాసిటర్ ఒకటి కలిపితే సాధారణంగా తగ్గుతుంది. కొత్త ఇల్లయితే ప్రతి డబ్బాకూ న్యూట్రల్ తీగ వేయించుకోవడం అన్నిటికన్నా మేలు.

మాడ్యూల్‌కూ ఒక బలహీనత ఉంది. అది బిగించాక గోడ స్విచ్చు కరెంటును తానుగా తెంపదు, చిప్పుకు కబురు మాత్రమే ఇస్తుంది. చిప్పు మాడితే స్విచ్చు నొక్కినా దీపం రాదు. ఎల్‌ఈడీ డ్రైవర్లు వేసిన క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. ఆ పోటుకు రిలే ముక్కలు అతుక్కుపోయి దీపం ఆరకుండా ఉండిపోవడమూ ఉంది. అందుకని నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. ప్రతి గదిలో ఒక్క దీపమైనా మధ్యలో ఏ చిప్పూ లేకుండా, నేరుగా మామూలు స్విచ్చు మీద ఉండాలి. ట్యూబు మార్చేటప్పుడు మాడ్యూల్‌ను నమ్మి నిచ్చెన ఎక్కకూడదు. పక్క గదిలో ఉన్నవాళ్ళు ఫోనులో తెలియక నొక్కవచ్చు. ఎంసీబీ దించాకే ఎక్కాలి. గీజరు లాంటి భారీ పరికరాలను దీపాల మాడ్యూల్‌కు కలపనే కూడదు. వాటికి 16 యాంపియర్లు మోయగల వేరే రకం కావాలి.

కరెంటు నిజంగా ఆదా అవుతుందా?

స్మార్ట్ దీపాలు బిల్లు తగ్గిస్తాయన్న మాట తరచూ వింటాం. లెక్క వేసి చూద్దాం. 9 వాట్ల బల్బు రోజూ 5 గంటలు వెలిగితే ఏడాదికి 16 యూనిట్ల పైచిలుకు ఖర్చవుతుంది. దాని స్థానంలో ఒకప్పుడున్న 60 వాట్ల బల్బు అదే పనికి 110 యూనిట్ల దాకా తినేది. అంటే దీపాల్లో దొరికే పెద్ద ఆదా ఎల్‌ఈడీతోనే మనకు వచ్చేసింది.

ఇక స్మార్ట్ బల్బు. వెలుగు ఆపినా మెలకువగా ఉండటానికి అది అర వాటు తింటుందనుకుందాం. ఏడాది పొడవునా అయితే 4 యూనిట్లు దాటుతుంది. స్టోరు గదిలో రోజుకు ఒక గంట వెలిగే 9 వాట్ల బల్బు ఏడాదికి తినేది 3 యూనిట్ల పైచిలుకే. అంటే ఆ గదిలో స్మార్ట్ బల్బు వెలగడానికి తినేదాని కన్నా కాచుకుని కూర్చోవడానికి తినేదే ఎక్కువ. ఇంట్లో పది బల్బులుంటే కాపలా ఖర్చే ఏడాదికి 44 యూనిట్ల దాకా తేలుతుంది.

మరి ఆర్పడం మరిచిపోతే? ఒక రాత్రి, 8 గంటలు, 9 వాట్ల దీపం వెలిగిపోయినా ఖర్చయ్యేది యూనిట్‌లో పద్నాలుగో వంతు. అదే 75 వాట్ల మామూలు సీలింగు ఫ్యాను రోజుకు 10 గంటలు తిరిగితే ముప్పావు యూనిట్. దాన్ని తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే, ఏడాదిలో 300 రోజులు వాడినా 135 యూనిట్లు మిగులుతాయి. బిల్లు తగ్గించుకోవాలనే కోరికతో స్మార్ట్ దీపాలు కొనదలిచినవాళ్ళు ఆ డబ్బు ముందు ఫ్యాన్ల మీద పెట్టాలి.

ఏ గదికి ఏది?

ఆదా కోసం కాకపోతే ఈ తెలివి దేనికి? మనుషుల కోసం. కీళ్ళ నొప్పులతో మంచం దిగలేని అమ్మమ్మకు నోటి మాటతో దీపం వెలగడం చిన్న విషయం కాదు. చేతులు కదపలేనివాళ్ళకు అది స్వతంత్రం. ఊరెళ్ళినప్పుడు సాయంత్రాలు వరండా దీపం దానంతటదే వెలిగితే ఇల్లు బోసిగా కనిపించదు.

రంగు మార్చగల బల్బులకూ శాస్త్రీయమైన ప్రయోజనం ఉంది. మన కంటిలో చూపుకోసం కాక, పగలో రాత్రో శరీరానికి తెలియజేయడానికి పనిచేసే కణాలున్నాయని 2002లో బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ బెర్సన్ బృందం చూపింది. ఇవి నీలి వెలుగుకు ఎక్కువగా స్పందించి, నిద్రకు తోడ్పడే మెలటోనిన్‌ను అణిచివేసే కబురు పంపుతాయి. మన ఇళ్ళలో ఎక్కువగా వాడే 6500 కెల్విన్ తెల్లని దీపంలో నీలం పాలు ఎక్కువ. 2700 కెల్విన్ పసుపు దీపంలో తక్కువ. పడుకునే ముందు దీపాన్ని పసుపు రంగుకు మార్చి, వెలుగు కూడా తగ్గించుకోవడం మంచిది. దీనికి స్మార్ట్ బల్బే ఉండాలని లేదు. మంచం పక్కన చిన్న పసుపు దీపం, దానికొక మామూలు స్విచ్చు ఉన్నా ఇదే పని జరుగుతుంది.

మెట్లు, స్నానాలగది లాంటి చోట్ల ఫోను కన్నా కదలికను పసిగట్టే సెన్సర్ ఎక్కువ పనికొస్తుంది. దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఇది మన ఒంటి నుంచి వెలువడే పరారుణ కిరణాలను గమనిస్తుంది. చుట్టూ ఉన్న గోడల కన్నా మన ఒళ్ళు వెచ్చగా ఉండటం దీనికి ఆధారం. మే నెలలో పగలంతా ఎండకు కాలిన స్లాబు కింద, మెట్లగది గోడలు మన చర్మమంత వేడిగా ఉన్నప్పుడు ఆ తేడా చెరిగిపోయి సెన్సర్ తడబడుతుంది. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల ఉండేవాళ్ళు రేడియో తరంగాలతో పనిచేసే రాడార్ రకాన్ని చూడవచ్చు. అది పలుచని తలుపుల అవతలి కదలికను కూడా పట్టుకుంటుంది కాబట్టి అమర్చే చోటును జాగ్రత్తగా ఎంచుకోవాలి.

నా సలహా ఇది. వంటగది, స్టోరు, దేవుడి గదికి మామూలు స్విచ్చులు చాలు. మెట్లకు, స్నానాలగదికి సెన్సర్. హాలుకు, వరండాకు, పెద్దవాళ్ళ పడగ్గదికి స్విచ్చు వెనక మాడ్యూల్. రంగుల సరదా ఉంటే టేబుల్ ల్యాంపులో ఒక స్మార్ట్ బల్బు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకు గోడలు విప్పే వీలుండదు కాబట్టి బల్బే దారి, వెళ్ళేటప్పుడు విప్పి పట్టుకెళ్ళవచ్చు. కొత్త ఇల్లు కడుతున్నవాళ్ళు ఇప్పుడు ఏ స్మార్ట్ పరికరమూ కొనకపోయినా, ప్రతి స్విచ్చు డబ్బాకూ న్యూట్రల్ తీగ వేయించి, డబ్బాలు కాస్త లోతైనవి పెట్టించుకుంటే చాలు. ఐదేళ్ళ తర్వాత మనసు మారినా గోడ పగలగొట్టే అవసరం రాదు.

కొనడానికి వెళ్ళినప్పుడు దుకాణదారును మూడు ప్రశ్నలు అడగండి. ఇంటర్నెట్ లేకపోయినా ఇది గోడ మీది స్విచ్చుతో పనిచేస్తుందా? కరెంటు పోయి వచ్చాక పాత స్థితికే వస్తుందా? ఇది పాడైతే మా వీధి ఎలక్ట్రీషియన్ దీన్ని తీసేసి మామూలు పద్ధతికి మార్చగలడా? మూడింటికీ అవునంటే నిశ్చింతగా కొనండి. ఒక్కదానికి కాదన్నా పాత స్విచ్చులతోనే ఉండండి. దీపం ఇంట్లో అందరిదీ. ఫోను వాడటం వచ్చినవాళ్ళకు ఒక్కరికే అందే వెలుగు ఎంత తెలివైనదైనా ఆ ఇంటికి తక్కువే.